పైన తోట, కింద గడియారం: ఫ్రిట్జ్ లాంగ్ కథ

కల్కి 2898 ఏడీ చూసినవాళ్ళకి ఒక బొమ్మ గుర్తుండే ఉంటుంది. కింద దుమ్ముకొట్టుకుపోయిన కాశీ. పైన ఆకాశంలో తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి కాంప్లెక్స్. నీళ్ళు, పచ్చదనం, సుఖం అన్నీ పైనే. ఆకలి, కరువు కింద. ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఆ ఒక్క ఫ్రేమ్ చూడగానే ఆ లోకం ఎలా నడుస్తుందో మనకి అర్థమైపోతుంది.

ఉన్నవాడు పైన, లేనివాడు కింద అనే లెక్కని వెండితెర మీద గట్టిగా గీసి చూపించిన సినిమా ఒకటి 1927లోనే వచ్చింది. మాటల్లేని సినిమా. పేరు మెట్రోపొలిస్. తీసినాయన ఫ్రిట్జ్ లాంగ్. ఈయన కూడా మనలాగే సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. మనలో కొందరిలాగే మనసు ఇంకెక్కడో ఉండటంతో మధ్యలో వదిలేశాడు.

మొన్న సెమిస్టర్ సెలవుల్లో నేనూ నా రూమ్మేటూ లాప్‌టాప్‌లో ఈ సినిమా చూశాం. అయిపోయాక గంటన్నర సేపు కొట్టుకున్నంత పని చేశాం. గొడవంతా చివరి సీన్ గురించే. ఫ్యాక్టరీ యజమానీ కార్మికుల నాయకుడూ చేతులు కలుపుతారు. అది సుఖాంతమని వాడు, కార్మికుల్ని మోసం చేశారని నేను. ఆ పంచాయతీ తేల్చుకోవడానికే ఈయన జీవితం చదవడం మొదలుపెట్టాను. చదివాక నాకు తేలింది వేరు. అదే మీతో చెప్దామని ఈ వ్యాసం.

వియన్నా కుర్రాడు

లాంగ్ 1890 డిసెంబర్ 5న వియన్నాలో పుట్టాడు. తండ్రిది భవన నిర్మాణ వ్యాపారం. తల్లి యూదు కుటుంబంలో పుట్టి తర్వాత కాథలిక్ మతం తీసుకుంది. పిల్లాడినీ కాథలిక్‌గానే పెంచారు. తల్లి పుట్టుక సంగతి అప్పట్లో పెద్ద విషయం కాదు. నలభై ఏళ్ళ తర్వాత అదే ప్రాణం మీదకి తెచ్చే విషయం అవుతుందని అప్పుడెవరికీ తెలీదు.

కొడుకు తన బాటలో నడవాలని తండ్రి కోరిక. ఈ మాట మన ఇళ్ళల్లో కొత్తేం కాదు కదా. లాంగ్ వియన్నా టెక్నికల్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. కొన్నాళ్ళకే కట్టడాల డ్రాయింగుల కంటే మనుషుల బొమ్మల మీద మోజెక్కువైంది. చదువు వదిలి, ఊరు వదిలి, దేశాలు పట్టుకుని తిరిగాడు. చివరికి పారిస్ చేరి బొమ్మలు గీసుకుంటూ బతికాడు. అయితే ఆ కొద్దిపాటి ఇంజనీరింగ్ చదువు వృథా పోయిందని నేననుకోను. ఆయన సినిమాల్లో మెట్లు, గోడలు, వంపులు, మనుషుల గుంపులు అన్నీ ఎవరో గ్రాఫ్ పేపర్ మీద కొలిచి పెట్టినట్టే ఉంటాయి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. లాంగ్ తిరిగొచ్చి ఆస్ట్రియా సైన్యంలో చేరాడు. ఒకటికి రెండుసార్లు గాయపడ్డాడు. కంటికీ దెబ్బ తగిలింది. తర్వాతి రోజుల్లో ఆయన చాలా ఫోటోల్లో ఒక కంటికి బిగించుకున్న ఒంటి కళ్ళద్దం కనిపిస్తుంది. గాయాలు మానడానికి ఆసుపత్రి మంచమ్మీద పడుకున్న రోజుల్లోనే సినిమా కథలు రాయడం మొదలుపెట్టాడు. చూపు దెబ్బతిన్న మనిషి, ప్రపంచానికి కొత్త చూపు నేర్పే పనిలో పడ్డాడన్నమాట.

బెర్లిన్, థేయా

యుద్ధం ముగిసేనాటికి లాంగ్ బెర్లిన్ చేరాడు. 1919లో మొదటి సినిమా తీశాడు. అక్కడే థేయా ఫాన్ హార్బో పరిచయమైంది. అప్పటికే పేరున్న నవలా రచయిత్రి ఆమె. 1922లో పెళ్ళి చేసుకున్నారు. ఆ పదేళ్ళ కాలంలో లాంగ్ తీసిన గొప్ప సినిమాల స్క్రిప్టులన్నిట్లో ఆమె చెయ్యి ఉంది. మెట్రోపొలిస్ కథ, నవల రెండూ ఆమెవే. ఆమె కథ చెప్తే ఈయన బొమ్మ కట్టేవాడు. ఈ పంపకం గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

1924 అక్టోబర్‌లో లాంగ్ మొదటిసారి న్యూయార్క్ వెళ్ళాడు. రాత్రిపూట వీధులు పగల్లా వెలగడం, ఆకాశాన్ని తాకే మేడలు చూసి దిమ్మ తిరిగింది. ఆ క్షణంలోనే మెట్రోపొలిస్ పుట్టిందని జీవితాంతం చెప్పుకున్నాడు. వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ ప్రయాణానికి కొన్ని నెలల ముందే స్క్రిప్టు పని మొదలైంది. లాంగ్‌కి ఇదొక అలవాటు. తన జీవితాన్ని కూడా సినిమా సీనులాగే చెప్పేవాడు. మంచి బొమ్మ దొరికితే తేదీలు కాస్త అటూ ఇటూ జరిపేసేవాడు.

అద్దం గోకితే నగరం

షూటింగ్ 1925 మే 22న మొదలై 1926 అక్టోబర్ 30న ముగిసింది. దాదాపు ఏడాదిన్నర. ఖర్చు అనుకున్నదానికి మూడు రెట్లు దాటి 50 లక్షల మార్కుల పైకి పోయింది. ఊఫా కంపెనీ నడుం విరిగినంత పనైంది.

మన బ్రాంచి వాళ్ళకి నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఆ మహానగరం అప్పట్లో ఎలా తీశారు? కంప్యూటర్లు లేవు, గ్రాఫిక్స్ లేవు. యూగెన్ షుఫ్టాన్ అనే కెమెరా నిపుణుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. కెమెరా ముందు 45 డిగ్రీల కోణంలో ఒక అద్దం పెడతారు. అద్దం వెనక పూతని కొంతమేర గోకేస్తారు. గోకిన చోట అద్దం మామూలు గాజులా మారుతుంది కాబట్టి దాని గుండా దూరంగా నిలబడ్డ నటులు కనిపిస్తారు. గోకని చోట పక్కన పెట్టిన చిన్న నగరం నమూనా ప్రతిబింబిస్తుంది. రెండూ ఒకే ఫ్రేములో కలిసి, నటులు ఆ మేడల మధ్య నడుస్తున్నట్టు ఉంటుంది. ఎనిమిదో తరగతి ఫిజిక్స్ అంతే.

ఇక రోబో. వాల్టర్ షుల్జె-మిటెన్‌డార్ఫ్ అనే శిల్పి దాన్ని తయారుచేశాడు. నటి బ్రిగిట్టె హెల్మ్ ఒంటి కొలతకి అచ్చు తీసి, దానిమీద చెక్కపిండి లాంటి పదార్థాన్ని పరిచి, ఆరాక లోహంలా మెరిసే రంగు వేశాడు. ఆ అమ్మాయికి అదే మొదటి సినిమా. ఆ బిగుతు తొడుగులో గంటల తరబడి నిలబడింది. స్టార్ వార్స్‌లో బంగారు రంగు సీ త్రీ పీవోని చూశారు కదా, దానికి ఈ రోబోనే పెద్దక్క. రోబో చుట్టూ పైకీ కిందకీ జారే వెలుగు వలయాల కోసం ఒకే ఫిల్ముని కెమెరాలో వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ దానిమీదే తీశారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. సినిమాలో కార్మికుల పిల్లలు వరదలో చిక్కుకునే సీన్ ఉంది. దానికోసం బెర్లిన్ పేదవాడల పిల్లల్ని తీసుకొచ్చి రోజుల తరబడి చల్లటి నీళ్ళలో నిలబెట్టారు. కార్మికుల కష్టం మీద సినిమా తీస్తూ సెట్లో యజమానిలాగే ఉండేవాడు లాంగ్. ఆయనతో పనిచేసినవాళ్ళు చాలామంది ఆయన కాఠిన్యాన్ని మర్చిపోలేదు.

బొమ్మలు ఏం చెప్తున్నాయి

కథ చిన్నదే. మెట్రోపొలిస్ నగరాన్ని జో ఫ్రెడర్సన్ అనే పెద్దమనిషి ఏలుతుంటాడు. పైన ధనవంతుల కొడుకులకి స్టేడియం, తోట, ఫౌంటెన్. భూమి కింద యంత్రాలు, వాటికీ కింద కార్మికుల ఇళ్ళు. ఏలికగారి కొడుకు ఫ్రెడర్, మరియా అనే అమ్మాయిని చూసి, ఆమె వెనక కిందికి దిగుతాడు. అక్కడి బతుకు చూసి చలించిపోతాడు. తండ్రి రాట్‌వాంగ్ అనే శాస్త్రవేత్త చేత మరియా రూపంలో రోబో తయారుచేయించి, కార్మికుల్ని రెచ్చగొట్టిస్తాడు. వాళ్ళు యంత్రాల్ని పగలగొడతారు. నీళ్ళు పొంగి వాళ్ళ పిల్లలే మునిగిపోబోతారు. చివరికి రాజీ.

కథగా చూస్తే మామూలే. అసలు సంగతంతా బొమ్మల్లో ఉంది.

మొదట్లోనే రెండు గడియారాలు చూపిస్తాడు. పైన చిన్నది, 24 గంటలది. కింద పెద్దది, దానికి పదే గంటలు. ఆ పది గంటలే ఒక షిఫ్టు. అంటే కింద ఉన్నవాళ్ళకి పగలూ రాత్రీ అనేవి లేవు, షిఫ్టు ఒక్కటే ఉంది. కాలాన్ని సైతం యజమాని తనకి కావలసిన కొలతకి కత్తిరించుకున్నాడు. షిఫ్టు మారే సీన్లో డ్యూటీకి వెళ్ళేవాళ్ళూ దిగేవాళ్ళూ పక్కపక్కనే నడుస్తారు. అందరూ నల్లబట్టల్లో, తలలు వంచుకుని, వరుసలు కట్టి. దిగేవాళ్ళ అడుగు వెళ్ళేవాళ్ళ అడుగులో సగం వేగంతో పడుతుంది. పది గంటల పనిలో మనిషి ఎంత అరిగిపోతాడో చెప్పడానికి అంతకంటే ఇంకేం కావాలి?

తర్వాత ఒక యంత్రం పేలుతుంది. ఫ్రెడర్ కళ్ళముందే ఆ యంత్రం ఒక రాక్షస ముఖంగా మారిపోతుంది. మెట్లు నాలుక, పైన నోరు, నోట్లో మంట. కార్మికుల్ని వరసగా అందులోకి తోసేస్తుంటారు. మొలోక్ అని పిల్లల్ని బలి కోరే దేవుడు బైబిల్లో ఉన్నాడు. మనకైతే బకాసురుడు గుర్తొస్తాడు. ఏకచక్రపురంలో రోజుకి ఒక ఇల్లు వంతు. ఇక్కడ షిఫ్టుకి ఒక బ్యాచ్ వంతు. పేలుడు ఆగాక శవాల్ని తీసేస్తారు, కొత్తవాళ్ళు వచ్చి అదే చోట నిలబడతారు. ఆ సీన్లో నన్ను భయపెట్టింది రాక్షసుడి నోరు కాదు, ఆ ఖాళీలు అంత తొందరగా నిండిపోవడం.

ఫ్రెడర్ 11811 అనే నంబరున్న కార్మికుడి స్థానంలో నిలబడతాడు. అక్కడ గోడకి ఒక పెద్ద చక్రం, చుట్టూ బల్బులు. ఏ బల్బు వెలిగితే ముల్లుని అటు తిప్పాలి. ఆ యంత్రం ఏం తయారుచేస్తుందో సినిమాలో ఎక్కడా చెప్పరు. ఇంజనీర్లుగా మనకి చిరాకు పుట్టాల్సిందే. హెచ్.జి.వెల్స్ అంతటివాడికీ పుట్టింది. యంత్రాలొచ్చాక బండచాకిరీ తగ్గాలి గానీ పెరగడమేంటని ఈ సినిమాని 1927లో పత్రికలో ఏకిపారేశాడు. యంత్రశాస్త్రంగా చూస్తే ఆయన మాటే రైటు. కానీ ఆ ఫ్రేముని ఇంకోసారి చూడండి. ముళ్ళు పట్టుకుని చేతులు చాచి వేలాడుతున్న ఫ్రెడర్ శిలువ మీది క్రీస్తులా కనిపిస్తాడు. అదే చక్రం కాసేపటికి పది గంటల గడియారంగా మారిపోతుంది. ఆ యంత్రం తయారుచేసేది వస్తువుని కాదు, మనిషినే గడియారం ముల్లుగా మారుస్తోంది.

మరియా భూగర్భంలో కార్మికులకి బాబెల్ గోపురం కథ చెప్తుంది. ఆకాశమంత గోపురం కట్టాలని కలగన్నవాళ్ళు వేరు, రాళ్ళు మోసినవాళ్ళు వేరు. ఇద్దరిదీ ఒకే భాష, అయినా ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాలేదు. కలగన్నవాడి నోట్లో స్తోత్రమైన మాటే మోసినవాడి నోట్లో శాపమైంది. గుండ్లు చేయించుకున్న మనుషుల ప్రవాహం బండరాళ్ళు లాక్కుంటూ వచ్చే ఆ సీన్, ఎవరో ఫైనలియర్ ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ క్లాసులో చూపిస్తే బాగుండు.

రాట్‌వాంగ్ కుడిచెయ్యి కృత్రిమం, పైన నల్లటి గ్లవ్. రోబోని చేసేటప్పుడు పోగొట్టుకున్న చెయ్యి అది. ఆకాశహర్మ్యాల మధ్య ఆయన ఇల్లు మాత్రం పాతకాలపు వంకర ఇల్లు, తలుపు మీద మంత్రగాళ్ళ అయిదు కోణాల నక్షత్రం. కొత్త యంత్రం పాత మంత్రం కడుపునే పుట్టిందని ఒక తలుపుతో చెప్పేశాడు. ఇక నకిలీ మరియా. అదే నటి, అదే ముఖం. ఒక కన్ను కొంచెం మూసి, ఒళ్ళు కుదుపుతూ కదిలితే చాలు, మనిషి మారిపోయిందని మనకి తెలుస్తుంది. కార్మికులకి మాత్రం తెలీదు. ముఖం చూసి నమ్మేశారు. డీప్‌ఫేక్ వీడియోల కాలంలో ఈ సీన్ చూస్తుంటే వెన్నులో వణుకు వస్తుంది.

చివరి సీన్

తలకీ చేతులకీ మధ్య హృదయం వారధిగా ఉండాలన్నది సినిమా నీతి. తల అంటే యజమాని, చేతులంటే కార్మికులు. మొదట్లోనూ చివర్లోనూ దాన్ని అక్షరాల్లో తెర మీద చూపిస్తారు. ఫ్రెడర్ తండ్రి చేతినీ ఫోర్‌మాన్ చేతినీ కలుపుతాడు. శుభం.

నా రూమ్మేట్ ఆ అక్షరాల్ని నమ్మాడు. నేను మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. చర్చి మెట్ల మీదకి కార్మికులు ఎలా వస్తారు? కోణం ఆకారంలో వరుసలు కట్టి, అందరూ ఒకే అడుగుతో. సినిమా మొదట్లో షిఫ్టుకి వెళ్ళినప్పుడు ఎలా నడిచారో దాదాపు అలాగే. తిరగబడినప్పుడు మాత్రం వాళ్ళు వరుస తప్పారు. రాజీ కుదరగానే మళ్ళీ గీత గీసినట్టు వరుసలోకి వచ్చేశారు. మాట మారింది, జామెట్రీ మారలేదు. షిఫ్టు పది గంటల నుంచి తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు, పెద్ద గడియారం ఏమైందో చూపించలేదు.

జీగ్‌ఫ్రీడ్ క్రకావర్ అనే జర్మన్ విమర్శకుడు 1947లో రాసిన పుస్తకంలో ఈ అనుమానమే బయటపెట్టాడు. ఆ రాజీ యజమాని పట్టుని ఇంకా బిగించిందన్నాడు. ఇది ఉత్తుత్తి అనుమానం కాదు. మెట్రోపొలిస్ 1927 జనవరి 10న బెర్లిన్‌లో విడుదలైంది. ఆరేళ్ళకి జర్మనీలో అధికారానికొచ్చినవాళ్ళు మనుషుల్ని సరిగ్గా అలాగే వరుసల్లో నిలబెట్టి, తలా చేతులూ ఒక్కటేనని పాడించారు.

చంద్రుడి మీదకి వెనకనుంచి లెక్క

ఆ సంగతికి వెళ్ళేముందు మనందరం లాంగ్‌కి బాకీపడ్డ ఒక విషయం ఉంది. 1929లో ఆయన చంద్రుడి మీద స్త్రీ అనే సినిమా తీశాడు. హెర్మన్ ఓబెర్త్ అనే రాకెట్ శాస్త్రవేత్త సలహాదారు. అంచెలంచెలుగా విడిపోయే రాకెట్, నిలువుగా నిలబెట్టి లాంచింగ్ చోటుకి తరలించడం, ప్రయాణికులు ఒత్తిడి తట్టుకోడానికి పడుకుని ఉండటం, బరువు తెలియని చోట కాళ్ళకి పట్టీలు, అన్నీ అందులో ఉన్నాయి. రాకెట్ ఎగిరే క్షణానికి ఉత్కంఠ రావాలి. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుందో ప్రేక్షకుడికి తెలీదు. అందుకని అంకెల్ని వెనకనుంచి చూపించాడు. శ్రీహరికోటలో ప్రయోగమప్పుడు మనం టీవీ ముందు కూర్చుని ఊపిరి బిగబట్టి వినే కౌంట్‌డౌన్‌ని జనంలోకి తెచ్చింది ఆ మూకీ సినిమానే.

ఆ బొమ్మకీ రెండో ముఖం ఉంది. 1942 అక్టోబర్ 3న జర్మనీ వీ-2 రాకెట్‌ని మొదటిసారి విజయవంతంగా ప్రయోగించింది. దాని అడుగున ఈ సినిమా పేరుతో ఒక బొమ్మ వేసి ఉంది. లండన్ మీద పడి జనాన్ని చంపిన రాకెట్ అదే. చంద్రుడి మీది కల, బాంబు కూడా అయింది.

వీపు మీద అక్షరం

1931లో లాంగ్ మొదటి టాకీ ఎమ్ వచ్చింది. పిల్లల్ని చంపే హంతకుడి కథ. హత్య ఒక్కటి కూడా చూపించడు. ఒక బంతి గడ్డిలోంచి దొర్లుకుంటూ వచ్చి ఆగిపోతుంది. ఒక బెలూన్ కరెంటు తీగలకి చిక్కుకుంటుంది. అంతే, ఆ పిల్ల ఇక లేదని మనకి అర్థమై గొంతు పూడుకుపోతుంది. హంతకుడి కోటు వీపు మీద ఎవరో సుద్దముక్కతో ఎమ్ అని గుర్తు వేస్తారు. అతను దాన్ని అద్దంలో చూసుకుంటాడు. మనుషుల మీద గుర్తులు వేసి వేటాడే రోజులు ఆ దేశానికి రెండేళ్ళ దూరంలోనే ఉన్నాయి.

1933లో హిట్లర్ వచ్చాడు. లాంగ్ తీసిన డాక్టర్ మబూసా సినిమాని నిషేధించారు. తర్వాత జరిగింది లాంగ్ ఇలా చెప్పేవాడు. ప్రచార మంత్రి గోబెల్స్ పిలిపించి, జర్మన్ సినిమా రంగానికి పెద్దగా ఉండమన్నాడు. హిట్లర్‌కి మెట్రోపొలిస్ చాలా నచ్చిందన్నాడు. లాంగ్ తల్లి పుట్టుక సంగతి ఎత్తితే, ఎవరు యూదులో మేం నిర్ణయిస్తామన్నట్టు మాట్లాడాడు. మాటల మధ్యలో లాంగ్ కిటికీలోంచి బయటున్న పెద్ద గడియారం ముల్లుని చూస్తూ, బ్యాంకు మూసేలోపు డబ్బు తీసుకోగలనా అని చెమటలు కక్కాడు. తీసుకోలేకపోయాడు. ఆ రాత్రే రైలెక్కి పారిస్ పారిపోయాడు.

ఎంత గొప్ప సీనో చూడండి. అయితే తర్వాత బయటపడ్డ ఆయన పాస్‌పోర్టు వేరే కథ చెప్పింది. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఆయన జర్మనీకి వస్తూ పోతూనే ఉన్నాడు. దేశం వదిలింది నిజం, అధికారం ఎర వేసినా కాదన్నదీ నిజం. కానీ ఒకే రాత్రిలో కాదు. తన జీవితాన్ని గుర్తు చేసుకున్నప్పుడు కూడా ఆయనకి గడియారం ముల్లే కనిపించింది.

థేయా అక్కడే ఉండిపోయింది. నాజీ పార్టీలో చేరింది, వాళ్ళ హయాంలో సినిమాలకి పనిచేసింది. 1933లోనే ఇద్దరికీ విడాకులయ్యాయి. విచిత్రమేంటంటే, నాజీ పార్టీ మనిషైన ఆమె రహస్యంగా పెళ్ళాడింది ఒక భారతీయుణ్ణి, ఆయీ టెండూల్కర్ అనే మరాఠీ జర్నలిస్టుని. మనుషులు కూడా ఒక గుర్తుతో తేలిపోరు.

అమెరికా, ఉదయ్‌పూర్

1934లో లాంగ్ హాలీవుడ్ చేరాడు. ఇరవై ఏళ్ళ పైగా అక్కడే సినిమాలు తీశాడు. 1936లో తీసిన ఫ్యూరీ ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. ఒక అమాయకుణ్ణి జనం గుంపుగా వచ్చి జైలుతో సహా తగలబెడతారు. కోర్టులో ఊరంతా అబద్ధమాడుతుంది. అప్పుడు న్యూస్‌రీలు వేసి చూపిస్తారు. అందులో అందరి ముఖాలూ దొరికిపోతాయి. మనుషుల మాట అబద్ధమాడినా బొమ్మ సాక్ష్యం చెప్తుందన్న నమ్మకం ఆయనది.

1921లో లాంగ్, థేయా కలిసి భారతదేశం నేపథ్యంగా ఒక స్క్రిప్టు రాశారు. నిర్మాత దాన్ని లాంగ్‌కి ఇవ్వకుండా తానే తీసుకున్నాడు. ఆ అసంతృప్తి ముప్పై ఏడేళ్ళు మోశాడు లాంగ్. జర్మనీకి తిరిగొచ్చి, ఉదయ్‌పూర్‌లో షూటింగ్ చేసి, 1959లో రెండు భాగాలుగా విడుదల చేశాడు. రాజులు, పులులు, నర్తకి, తెల్ల ఇంజనీరు. మనం చూస్తే నవ్వొచ్చే భారతదేశం అది. నాకు మాత్రం అందులోనూ ఒక పాత గీత కనిపించింది. పైన రాజభవనం, కింద చీకటి సొరంగాల్లో దాచిన కుష్ఠురోగులు. ఏ దేశం వెళ్ళినా ఆయన కన్ను పైనా కిందా అనే గీతనే గీసుకుంది.

థేయా ఆ సినిమా చూడలేదు. 1954లో బెర్లిన్‌లో తాము కలిసి చేసిన పాత సినిమా ప్రదర్శన చూసి బయటికొస్తూ పడిపోయి, కొద్ది రోజులకే చనిపోయింది.

ముసలితనంలో ఒక మాట

1960లో చివరి సినిమా తీశాక లాంగ్ చూపు క్రమంగా మందగించింది. గోదార్ తీసిన కంటెంప్ట్ సినిమాలో 1963లో తన పాత్ర తానే వేశాడు. ఇంటర్వ్యూలకి వచ్చే కుర్రాళ్ళు మెట్రోపొలిస్ గురించే అడిగేవారు. ఆ ముగింపు తనకి నచ్చదని, అది పిల్లల కథ లాంటిదని చాలా ఏళ్ళు చెప్పుకొచ్చాడు. తల, చేతులు, హృదయం అనే నీతి థేయాదే ఎక్కువని తప్పుకునేవాడు, తన బాధ్యత లేదని మాత్రం అనలేదు. చివరి రోజుల్లో కాస్త మెత్తబడ్డాడు. కంప్యూటర్లు నడిపే ఈ లోకంలో ఏది లోపించిందని కుర్రకారుని అడిగితే హృదయమేనంటున్నారని, థేయా చెప్పిందే నిజమేమోనని అనుకున్నాడు. 1976 ఆగస్టు 2న కాలిఫోర్నియాలో, 85 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

సినిమాకి మాత్రం ఇంకో జన్మ ఉంది. విడుదలైన కొన్ని నెలలకే పంపిణీదారులు దాన్ని అడ్డదిడ్డంగా కత్తిరించారు. పోయిన ముక్కలు పోయినట్టే అనుకున్నారు. 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరిన మొదటి సినిమా అయినప్పటికీ, అది పూర్తి సినిమా కాదు. 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లోని సినిమా మ్యూజియంలో గీతలు పడిన ఒక 16 ఎంఎం కాపీ దొరికింది. ఇరవై నిమిషాలకి పైగా కొత్త భాగం. 2010లో బాగుచేసి మళ్ళీ విడుదల చేశారు.

ఆ దొరికిన భాగంలో ఎవరి కథ ఉందో తెలుసా? కార్మికుడు 11811ది. ఫ్రెడర్ బట్టలేసుకుని, కారెక్కి, పైలోకం వెలుగులు చూసి దారి తప్పిన మనిషి. చివరికి ఫ్రెడర్ మీదకొచ్చిన కత్తికి తాను అడ్డం పడి చనిపోతాడు. పేరు గియోర్గి. సినిమా నిడివి తగ్గించాలనుకున్నప్పుడు కత్తెర ముందు పడ్డది ఇలాంటివాళ్ళ మీదే. 80 ఏళ్ళ తర్వాత నంబరు మళ్ళీ మనిషైంది. ఇప్పటికీ ఆ సీన్లలో నిలువు గీతలు వాన కురుస్తున్నట్టు కనిపిస్తాయి. నాకవి చెరిగిపోకపోవడమే బాగుందనిపించింది.

మా పంచాయతీ సంగతి చెప్పలేదు కదా. నా రూమ్మేట్ చదివింది థేయా రాసిన మాట. నేను చూసింది లాంగ్ పేర్చిన వరుస. సినిమాలో రెండూ ఉన్నాయి. గుర్తులకి నిఘంటువులో ఉన్నట్టు ఒకే అర్థం ఉండదు. కౌంట్‌డౌన్ అటు చంద్రుడికీ వాడతారు, ఇటు బాంబుకీ వాడతారు. అందుకే తెర మీద అక్షరాలు ఏం చెప్పినా, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు పైన ఎవరు కింద, మొదట్లో చూసిన గడియారం చివరికి ఏమైంది అని వెతుక్కోవడం మంచిది.

రేపు మనం ఉద్యోగాల్లో చేరాక మనకీ ఇండక్షన్ రోజున మనమంతా ఒకే కుటుంబం అని స్లైడ్ వేసి చూపిస్తారు. చప్పట్లు కొట్టండి, తప్పులేదు. ఆ చప్పట్ల మధ్యలో ఒకసారి గోడ మీది గడియారం వైపు కూడా చూడండి. దానికి ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టండి.